పొద్దుటి కొలత

మా మేనత్త పోయిన పదో రోజున అవనిగడ్డలో వాళ్లింటి వసారాలో కూర్చుని ఉన్నాం. వచ్చినవాళ్లకి వడ్డించడానికి గిన్నెలు సర్దుతూ బావ భార్య విజయక్కయ్య ఒక మాట అంది. "కాపరానికొచ్చి ముప్ఫై అయిదేళ్లయింది. మా అత్తగారు పెరుగు ముట్టుకోగా చూసిన పాపాన పోలేదండీ. మజ్జిగ లేదు, ఇడ్లీ లేదు, అట్టు లేదు. పులిసిందంటే చాలు, చెయ్యి వెనక్కి తీసుకునేవారు. కాశీలో వదిలేశారట. ఎవరైనా కాకరకాయో సీతాఫలమో వదులుతారు గానీ పెరుగు వదులుతారా?" పక్కనున్న ఒక పెద్దావిడ, ఏదో మొక్కు అయి ఉంటుందమ్మా అంది. పోయిన భర్త కోసం అయి ఉంటుందని ఇంకొకావిడ అంది. బావ, "అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు" అని ఊరుకున్నాడు. నేను కూడా ఊరుకున్నాను. అత్తయ్య తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచంలో ఉండి పోయింది. ఎముకలు గుల్లబారిపోయాయని డాక్టరు చెప్పాడు. ఆవిడ పెరుగు ఎందుకు వదిలేసిందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అక్కడ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్య పేరు సీతమ్మ. మా నాన్నకి అక్క. దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఇల్లూ భర్తా రెండూ పోయాయి. కొడుకుని తీసుకుని బందరులో మా ఇంటికి వచ్చింది. ఆ రోజు గురించి ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు, మేం అడగలేదు. వచ్చిన నాలుగో రోజున నాన్నని బజారుకి పంపి కొత్త కుండ తెప్పించుకుంది. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి కుండ అడిగిందంటే మా అమ్మకి ఆశ్చర్యం వేసింది. అది తరవాణి కుండ. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన రెండో నీళ్లు అందులో పోసి, మూడు రోజులు కదపకుండా ఉంచితే పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే పొద్దున్నకి మెత్తగా, పుల్లగా ఊరి ఉంటుంది. ఉప్పు, పచ్చిమిరపకాయ, రెండు నిమ్మాకులు వేసి పిల్లలకి పెట్టేది. రోజూ తీసినంత తీసి, మళ్లీ పోసినంత పోసేది. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాకూడదు. స్నానం చేసి, తడిబట్టతో ఆవిడ తప్ప ఇంకెవరూ దాన్ని తాకకూడదు. మా వంటింట్లో పొయ్యికి ఎడమపక్క మూల ఆ రోజు నుంచి ఆవిడదయింది. ఇల్లంతా ఒక పులుపు వాసన పట్టింది. మొదట్లో అమ్మ కిటికీలు తెరిచేది. తర్వాత మానేసింది.

అమ్మ పెడనలో టీచరు. నాన్న గుడివాడలో ఒక ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే ఇద్దరూ ఒకే పాసింజరు ఎక్కేవాళ్లు. అమ్మ పెడనలో దిగిపోయేది, నాన్న ముందుకి వెళ్లేవాడు. సాయంత్రం అమ్మ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. అందువల్ల మా పొద్దున్నలన్నీ అత్తయ్యవే. నాకు తల దువ్వేది, జడ వేసేది ఆవిడే. నా వెన్ను వంకర మొదట కనిపెట్టింది కూడా ఆవిడే. నాకు పన్నెండేళ్లప్పుడు ఒకరోజు వీపు రుద్దుతూ చెయ్యి ఆపింది. "వసూ, ఏదీ వంగు" అంది. వంగాను. "ఇటు రెక్క పైకి లేచిందేమే?" అంది. నీళ్లు చల్లారిపోయేదాకా నన్ను అలాగే వంచి ఉంచి చూసింది. ఆ సాయంత్రం అమ్మ చెప్పులు విప్పేలోపలే ఎదురెళ్లి చెప్పింది.

గుడివాడలో ఎముకల డాక్టరు దగ్గరికి నాన్న, అత్తయ్య నన్ను తీసుకెళ్లారు. ఎక్స్‌రే చూసి ఆయన కాగితం మీద రెండు గీతలు గీసి, ఆ రెండింటి మధ్య కోణం ఎంతో చూపించాడు. ఎత్తు పెరిగే వయసు కాబట్టి వంకర కూడా పెరుగుతుందన్నాడు. బెల్టు వేసుకోవాలి, స్నానానికీ తిండికీ కలిపి రోజుకి ఒక గంట తప్ప తియ్యకూడదు, ఆర్నెల్లకోసారి ఎక్స్‌రే తీయాలి, కోణం ఒక హద్దు దాటితే మద్రాసులో ఆపరేషన్. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, "ఏం పెట్టమంటారు బాబూ దీనికి?" అని అడిగింది. "పెట్టండమ్మా. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు. కాసేపు ఎండలో కూర్చోబెట్టండి. ఎముకకి బలం. కానీ తిండికి వంకర తగ్గదు. బెల్టు మాత్రం వదలొద్దు" అన్నాడు. ఇంట్లో చూసుకోవడానికని ఒక పద్ధతి కూడా చూపించాడు. మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర ఒక దారం పట్టుకుని, కింద తాళంచెవి కట్టి వదిలేశాడు. వంకర లేకపోతే దారం నడుము కింద సరిగ్గా మధ్యలో పడాలి. నాకు రెండు వేళ్లు పక్కకి పడింది. ఇది ఒక గుర్తు మాత్రమేనండీ, అసలు సంగతి ఎక్స్‌రేలో తెలుస్తుంది అన్నాడు. అది మధ్యాహ్నం దాటిన వేళ. తిరుగు రైల్లో అత్తయ్య తన చేతి వేళ్లు చూసుకుంటూ కూర్చుంది.

బెల్టు అంటే నడుముకి కట్టుకునే పట్టీ అనుకున్నాను. వచ్చింది వేరు. నడుము చుట్టూ తోలు, ముందొక ఇనప కడ్డీ, వెనక రెండు, పైన గడ్డం కింద ఒక రింగు. తల దించితే గడ్డం ఒరుసుకునేది. బందరు ఉక్కలో తోలు కింద చెమట ఆరదు. వారంలోపే నడుం దగ్గర పుళ్లు లేచాయి. స్కూల్లో మొదటి రోజున పద్మ అనే అమ్మాయి నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమే, కాడి కట్టుకొచ్చావా? నాగలేదీ?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బెల్టుతోనే గోడకి ఆనుకుని నిలబడ్డాను, దాంతో కూర్చుని ఏడవడం కూడా కష్టం. అత్తయ్య పుళ్లకి కొబ్బరినూనె రాస్తూ, "దీని సంగతి నేను చూస్తానుండు" అంది. బెల్టు సంగతో, వెన్ను సంగతో నాకు అర్థం కాలేదు.

ఆ మర్నాటి నుంచి నా తిండి ఆవిడ పూర్తిగా చేతిలోకి తీసుకుంది. పొద్దున్నే తరవాణి అన్నం. దాని వెనక రాగి అంబలి. పిండి ముందురోజు సాయంత్రమే పుల్లటి మజ్జిగలో కలిపి ఉంచి, తెల్లారి కాచేది. బందరులో మా బంధువులకి రాగులంటే చిన్నచూపు. మాగాణిలో పుట్టి రాగులు తాగడమేమిటి, బియ్యం లేవా అని పెదనాన్న ఒకసారి అన్నాడు. "మీ ఎముకలు మీవి, దాని ఎముకలు దానివి" అని అత్తయ్య లోపల్నుంచే జవాబు చెప్పింది. మధ్యాహ్నం నువ్వులపొడి అన్నం, గడ్డపెరుగు. సాయంత్రం ఇంకో గ్లాసు మజ్జిగ, అందులో కరివేపాకు నలిపి. నాకు తరవాణి ఇష్టమే. ఆ పులుపు నాలుక మీద కాకుండా దవడల వెనక తగిలేది. ఇప్పటికీ ఆ మాట రాస్తుంటే నోరూరుతోంది. అది నిజమని చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదనుకుంటాను.

అన్నం తినగానే కొలత. "కడుపులో ఉండగానే చూడాలే, అప్పుడే తెలుస్తుంది పని చేస్తోందో లేదో" అనేది. ఆవిడ స్నానం చేసి కుండ ముట్టుకోవాలి, నాకు పెట్టాలి, అప్పుడు చూడాలి. అలా కొలత పొద్దుటిదయింది. నేను లేచి గంట కూడా అయ్యేది కాదు. బెల్టు తీసి గోడవైపు తిరిగి నిలబడితే, మెడ దగ్గర దారం పట్టుకుని తాళంచెవి ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టేది. తర్వాత తడి వేళ్లు నా వీపు మీద పెట్టి కొలిచేది. గుడివాడలో రెండు వేళ్లు పడిన దారం, మొదటి రోజే వేలున్నర పడింది. రెండు నెలలకి వేలూ పావు అంది. ఆవిడ ముఖంలో నవ్వు చూడటం, మా ఇంటికి వచ్చాక నాకు అదే మొదలు. "చూశావుటే! ఒక్క పూట తరవాణికే దారం దారికొచ్చింది" అని పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించింది. అమ్మ సాయంత్రం వచ్చాక, "ఎక్స్‌రే తీయిద్దాం వదినా, దారాన్ని నమ్ముకుంటే ఎలా?" అంటే, "నా వేళ్లు అబద్ధం చెబుతాయా శారదా? నువ్వొకసారి దాని పుళ్లు చూడు" అనేది. అమ్మ చూసింది. వేసవి వచ్చేసరికి పుళ్లు చీము పట్టాయి. రోహిణీ కార్తెలో ఒకరోజు నాన్నే బెల్టు తీసి అటక మీద పెట్టాడు. ఎండలు తగ్గాక గుడివాడ వెళ్దాంలే అన్నాడు. ఎండలు తగ్గాయి. ఎవరూ గుడివాడ మాట ఎత్తలేదు. పొద్దున్న దారం ఇంచుమించు అక్కడే పడుతోంది కదా.

ఆ శ్రావణంలో నాకు కొత్త జాకెట్లు కుట్టించడానికి అమ్మ గుడ్డ కొని, కొలతలకి నన్నొక్కదాన్నే పంపింది. బట్టలు కుట్టే మరియమ్మగారు మా వీధి చివర ఉండేది. స్కూలు వదిలాక వెళ్లాను. ఆవిడ టేపు రెండు భుజాల నుంచీ నడుం దాకా వేసి, గోడకి తగిలించిన నోటు పుస్తకం తీసి పాత కొలతలు చూసింది. మళ్లీ టేపు వేసింది. "అమ్మాయ్, నిరుడు దసరాకి కుడివైపు అరంగుళం తేడా. ఇప్పుడు అంగుళంపావు ఉంది" అంది. లేదండీ, తగ్గింది, మా అత్తయ్య రోజూ చూస్తోంది అన్నాను. ఆవిడ వాదించలేదు. దారంతో చూస్తారండీ అని నేనే చెప్పాను. కత్తెరకి దారం కట్టి నా మెడ దగ్గర వదిలింది. "ఎంత?" అన్నాను. "రెండూ ముప్పావు వేళ్ల పైనే" అంది. ఆవిడ వేళ్లు సన్నమేమో అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి నా వేళ్లతోనే కొలిపించింది. "ఇంటికెళ్లి అమ్మకి చెప్పు తల్లీ. జాకెట్టు లోపల మడత పెట్టి పైకి తెలియకుండా నేను కుట్టగలను. వెన్నుకి మడత పెట్టలేం కదా" అంది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య దారం వేలున్నర దగ్గర పడింది. నా వీపు మీద ఆవిడ వేళ్లు ఉండగానే నాకు అర్థమైంది. కారణం తెలియదు. కానీ పొద్దున్న ఒక వెన్ను, సాయంత్రం ఒక వెన్ను నాకున్నాయని తెలిసింది. అత్తయ్య చూస్తున్నది పొద్దుటిది. చెబితే అటక మీది బెల్టు కిందికి దిగుతుంది. పద్మ మళ్లీ నాగలేదీ అని అడుగుతుంది. నేను చెప్పలేదు. పదమూడేళ్ల పిల్లకి ఆపరేషన్ అంటే ఎప్పుడో, ఎక్కడో. బెల్టు అంటే రేపు. అంతే ఆలోచించాను. ఇన్నేళ్ల తర్వాత ఆ పిల్లకి పెద్ద కారణాలు అంటగట్టదలచుకోలేదు.

దాచడం మొదలుపెట్టాక తెలిసింది అది ఎంత పనో. సాయంత్రాలు అత్తయ్య ముందు వంగేదాన్ని కాదు. కింద పడిన గరిటె తియ్యాల్సి వస్తే గొంతుక్కూచుని తీసేదాన్ని. స్కూలు నుంచి రాగానే చాప మీద వెల్లకిలా పడుకుని పుస్తకం పట్టుకునేదాన్ని, అలా చదవడం అప్పుడే అలవాటైంది. ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చి, "లేచి తాగవే, పొలమారుతుంది" అంటే పైట దగ్గరికి లాక్కుని లేచేదాన్ని. ఆవిడ నన్ను చూసి సంతోషపడ్డప్పుడల్లా పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకునేదాన్ని. ఒకసారి ఆవిడ ఎవరితోనో, "ఉప్పెనలో నా చేతిలోంచి అన్నీ జారిపోయాయి. ఇదొక్కటి నా చేత్తో నిలబడుతోంది" అనడం విన్నాను. అత్తయ్య ఉప్పెన మాట ఎత్తడం నేను విన్నది అదొక్కసారే. ఆ వేళ చెప్పి ఉండాల్సింది. ఆ మాట విన్నాక ఇంకా చెప్పలేకపోయాను.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం అత్తయ్య ఎప్పటిలాగే చుక్క చూసేదాకా ఉపవాసం. ముందురోజు నాతో, "వోణీలు వేసుకుంటున్నావు, నువ్వూ ఉండు ఈ ఏడు. నీ వెన్ను కోసమే ఉందాం ఇద్దరం" అంది. సరేనన్నాను. దాని వల్ల ఏమవుతుందో నాకు తట్టలేదు. ఆ రోజు పొద్దున్న కుండ మూత తియ్యలేదు, కొలత లేదు. ఒక రోజు తప్పించుకున్నాననే అనుకున్నాను. మధ్యాహ్నం ఆకలికి కళ్లు తిరుగుతుంటే అర్థమైంది. తినగానే కొలత. ఈ రోజు తినేది చుక్క కనబడ్డాక.

సూర్యాస్తమయానికి ఆవిడ రెండోసారి స్నానం చేసి వచ్చింది. దొడ్లో నిలబడి చుక్క చూశాం. తలుపు దగ్గర దీపం పెట్టి, నాకు తరవాణి అన్నం పెట్టింది. మెతుకు మెతుకే ఏరుకుంటూ కూర్చున్నాను. "నిదానంగా తిను, పొద్దుట్నించి ఏమీ లేదు కదూ" అంది. "అత్తయ్యా, ఇవాళ కొలత వద్దు, నీరసంగా ఉంది" అన్నాను. "నిలబడ్డానికి నీరసమేమిటే? ఒక్క నిమిషం" అని దారం తెచ్చింది. గోడవైపు తిరిగాను. తాళంచెవి ఆగింది. తడి వేళ్లు వీపుని తాకాయి. ఒకటి. రెండు. మూడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "సరిగ్గా నుంచో" అంది. సరిగ్గానే నుంచున్నాను. మళ్లీ దారం వదిలింది. మళ్లీ మూడు. "మోకాళ్లు వంచావేమే?" అంది. వంచలేదు. మూడోసారి కొలవలేదు. దారం చుట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆవిడ ఉపవాసం, ఇంకా తినలేదు. తనకి పెట్టుకున్న అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. అమ్మ వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే, కూర్చున్న చోటు నుంచే, "రేపు సెలవు పెట్టు శారదా, గుడివాడ వెళ్లాలి" అంది.

డాక్టరు ఎక్స్‌రేని వెలుగుకేసి పట్టుకుని చూశాడు. కాగితం మీద మళ్లీ రెండు గీతలు. హద్దు దాటిందన్నాడు, మద్రాసు రాసిచ్చాడు. తర్వాత బల్ల మీద చెయ్యి వేసి, "బెల్టు ఎవరు తియ్యమన్నారు?" అని అడిగాడు. నాన్న నోరు తెరిచేలోగా అత్తయ్య, "నేనే బాబూ. దారం తగ్గుతోందని నేనే నమ్మాను" అంది. "చదువుకున్న వాళ్ల ఇంట్లో ఉండి ఇదేంటమ్మా? గంజినీళ్లకి వెన్ను నిలబడుతుందా?" అన్నాడు ఆయన. ఆయన చెడ్డవాడు కాడు, కోపం వచ్చింది, అంతే. అత్తయ్య తల దించుకుంది. నేను ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాను, మా మోచేతులు తాకుతున్నాయి. శ్రావణం నుంచి నాకు తెలుసండీ అని ఒక్క మాట అనాలి. అమ్మ నా వైపు చూడను కూడా లేదు, ఆవిడ వైపే చూస్తోంది. అంత కోపం నేను అమ్మ ముఖంలో మళ్లీ చూడలేదు. అది నా వైపు తిరుగుతుందని భయపడ్డాను. ఊరుకున్నాను.

మద్రాసులో నా వెన్నులో ఉక్కు కడ్డీ వేశారు. తర్వాత నెలల తరబడి ఛాతీ నుంచి తుంటి దాకా సిమెంటు కట్టు. అత్తయ్యే నాతో ఉంది. అమ్మ ఆవిడతో అవసరమైనంతే మాట్లాడేది. నొప్పితో అరిస్తే అత్తయ్య నా నోట్లో గుడ్డ పెట్టి కొరకమనేది, తన చెయ్యి కూడా ఇచ్చేది. బందరు తిరిగి వచ్చేసరికి పొయ్యి పక్క మూల ఖాళీగా ఉంది. మేం మద్రాసు వెళ్లే రోజునే, స్నానం చేసి, కుండ దొడ్లోకి తీసుకెళ్లి బోర్లించేసిందట. మరో ఏడాదికి ఎవరో కాశీ వెళ్తుంటే వాళ్లతో వెళ్లింది. వచ్చాక పులిసినవేవీ ముట్టుకోలేదు. నాన్న నవ్వుతూ, "ఏంటక్కా, కాశీలో ఏ కాయా దొరకలేదా వదలడానికి?" అంటే, "నాకు అన్నిటికన్నా ఇష్టమైంది వదలమన్నారు. అదే వదిలాను" అంది. మాకు మాత్రం రోజూ పెరుగు తోడుపెట్టేది. ఉప్పు చూడాల్సి వస్తే మజ్జిగ చుక్క అరచేతిలో వేసి నన్ను నాకమనేది. బావకి అవనిగడ్డలో ఉద్యోగం వచ్చాక వాడితో వెళ్లిపోయింది.

తర్వాత నేను చదివాను. నా వెన్ను గురించి దొరికినదల్లా చదివాను. రాత్రంతా పడుకుంటే వెన్ను మీద బరువుండదు, వంకర కొంచెం సడలుతుంది, పగలంతా నిలబడి తిరిగితే మళ్లీ కుంగుతుంది. తరవాణికి దాంతో సంబంధం లేదు. మా అత్తయ్య మడి, కుండ, తిండి, కొలత అన్నీ ఒక వరసలో పెట్టుకున్నందువల్ల ఆవిడ దారం రోజూ సడలిన వెన్నునే చూసింది. బెల్టు తియ్యకపోయినా వంకర పెరిగి ఉండేదేమో, అది ఎవరూ చెప్పలేరు. ఇంకోటి కూడా తెలిసింది. పులియబెట్టిన రాగుల్లో ఉన్న సున్నం, అదే కాల్షియం, ఒంటికి సులువుగా పడుతుందట. పెరుగు, మజ్జిగ, నువ్వులు, పొద్దుటెండ, ఇవన్నీ ఎముకకి మంచివే. వంకరని సరిచేయవు, ఎముకని నిలబెడతాయి. డాక్టరు మొదటి రోజు చెప్పింది కూడా ఇదే. యాభై దాటాక నా ఎముకల పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూసి, "మీ వయసుకి చాలా బావున్నాయండీ, చిన్నప్పుడు ఏం తిన్నారు?" అంది. ఆ రోజుల్లో వంటింటి మూల ఒక కుండలో తయారయ్యేదాన్ని ఇప్పుడు బందరు సూపర్‌మార్కెట్లో సీసాల్లో, పేర్లు అచ్చువేసి అమ్ముతున్నారు. కొనుక్కున్నాను కూడా. ఆ పులుపు నాలుక మీదే ఉండిపోతుంది.

నా ఎముకలు అలా ఉంటే అత్తయ్యవి ఇంకోలా అయ్యాయి. డెబ్భై దగ్గర మణికట్టు విరిగింది. తర్వాత వీపు ముందుకి వంగింది. నిటారుగా నుంచోమని నన్ను గద్దించిన మనిషి, నా ముఖం చూడటానికి మెడ ఎత్తాల్సి వచ్చేది. ఇదంతా పెరుగు మానినందువల్లే అనడం తప్పు. వయసుంది, చిన్న వయసులోనే గర్భసంచి తీసేశారు, పాలు పడేవి కావు. అన్నీ కలిసి అయ్యిందని డాక్టర్లు చెప్పారు. నేను కూడా అదే చెప్పుకుంటాను. మణికట్టు కట్టు కట్టిస్తున్నప్పుడు, "పెరుగు తినరామ్మా?" అని డాక్టరు అడిగితే ఆవిడ, "పడదు నాయనా" అంది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ ఊరుకున్నాను.

తుంటి విరిగిన మూడో వారంలో వెళ్లాను. గుండె చూసి ఆపరేషన్ వద్దన్నారు, మంచంలోనే. బావ బయటికి వెళ్లాడు, విజయక్కయ్య వంటింట్లో ఉంది. అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. మరియమ్మగారి టేపు, కత్తెరకి కట్టిన దారం, శ్రావణం, గుడివాడలో ఊరుకోవడం, అన్నీ. మధ్యలో ఆపలేదు ఆవిడ. అయిపోయాక, "ఎన్ని వేళ్లు అంది ఆవిడ?" అని అడిగింది. రెండూ ముప్పావు అన్నాను. "మర్నాడు నేను?" వేలున్నర. తన వేళ్లు దగ్గరగా పెట్టి చూసుకుంది. "అయితే శ్రావణం నుంచి కార్తీకం దాకా" అంది.

"నన్ను తిట్టు అత్తయ్యా" అన్నాను.

"నీకు పదమూడేళ్లు. నాకు నలభై. పిల్ల చెప్పలేదని నేను తప్పించుకుంటానుటే? ఒక్క సాయంత్రం దారం పట్టుకోవాలని నాకు తోచలేదు. అది నాది."

"సగం నాది."

"సగాలు పంచడానికి అదేం పొలమా?" అంది. ఈసారి కోపంగానే, "ఇంత ముసలిదానివయ్యేదాకా ఎందుకు మోశావే? వెన్నులో కడ్డీ చాలదా?" అంది.

ఇప్పుడైనా పెరుగు తినమని చేతులు పట్టుకున్నాను. ఇప్పుడు కారణం లేదు కదా అన్నాను. చేతులు మెల్లగా విడిపించుకుంది. "కాశీలో ఇచ్చింది వెనక్కి తీసుకోరు. నువ్వు చెప్పావని ఆ దేవుడి దగ్గరికెళ్లి అడగమంటావా?" అంది. ఆ మాటలో కోపం లేదు. బతిమాలాను, ఏడ్చాను. నా కన్నీళ్లు చూసి ఆవిడ మనసు మారుతుందనుకున్నాను, చిన్నప్పుడు మారేది.

విజయక్కయ్య నాకు భోజనం పట్టుకొచ్చింది. వద్దన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఇక్కడే తిను, నా ఎదురుగా. అమ్మాయ్ విజయా, దీనికి పెరుగు ఎక్కువ వెయ్యి" అంది. కూరా పప్పూ అయ్యాయి. పెరుగన్నం కలుపుకుంటుంటే దిండు మీంచి కొంచెం ముందుకి వచ్చింది. నా చెయ్యి గిన్నెలోకి వెళ్లడం, నోటి దగ్గరికి రావడం అలా చూస్తూనే ఉంది. ఆపకుండా తిన్నాను.

"పుల్లగా ఉందా?" అని అడిగింది.

"కొంచెం. నిన్నటిదనుకుంటా" అన్నాను.

అత్తయ్య కళ్లు మూసుకుని ఊపిరి పీల్చింది.

"నిన్నటిదేమిటే, మొన్నటిది. వాసన తెలియడం లేదూ?" అంది.